మనుషులం కాబట్టే పడిపోతాం

దజాయ్ ఒసాము పేరు ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలకి కూడా తెలుసు. ‘బుంగో స్ట్రే డాగ్స్’ అనే యానిమేలో, అంటే జపాన్ యానిమేషన్ సీరీస్‌లో, ఆ పేరుతో ఒక కుర్రాడుంటాడు, నోరు తెరిస్తే ఆత్మహత్య కబుర్లే. అతని స్నేహితులుగా ఒద సకునొసుకె, సకగుచి అంగో అనే పేర్లతో ఇంకో ఇద్దరు. ఆ సీరీస్ చూసి, ఆ పేర్ల వెనక నిజంగా రచయితలున్నారని తెలుసుకుని, దజాయ్ నవల ‘నో లాంగర్ హ్యూమన్’ ఇంగ్లీషు అనువాదం కొనుక్కుని, అందులోంచి ఒక్కో వాక్యం తీసి నల్లటి తెర మీద పెట్టి రీల్స్ చేస్తున్నారు. ఏ దారిన వచ్చి చదివినా చదవడం మంచిదే, దాని గురించి నాకే ఫిర్యాదూ లేదు.

నన్ను బాధపెట్టేది వేరే. ఆ వాక్యాల చుట్టూ ఉన్న ఊరు, ఆ ఏడు, ఆ బూడిద అన్నీ రాలిపోయి, చివరికి దిగులుగా కూర్చున్న ఒక అందమైన మనిషి మాత్రమే మిగులుతున్నాడు. ఆ ముగ్గురూ 1945 ఆగస్టుకీ 1948 జూన్‌కీ మధ్య, కాలిపోయిన జపాన్‌లో కూర్చుని రాసినవి చదివితే అందులో దిగులుకంటే కోపం ఎక్కువ కనిపిస్తుంది. నిన్నటిదాకా చావమని చెప్పిన నోళ్ళే ఇవాళ ప్రజాస్వామ్యంగా బతకమని చెబుతుంటే ఎవర్ని నమ్మాలి అన్న కోపం. సాహిత్య చరిత్రలు వాళ్ళని ‘బురైహా’, అంటే కట్టుబాట్లు లేనివాళ్ళు, అని ఒక గుంపు కట్టి, క్షీణదశ రచయితలని పేరు పెట్టి పక్కన కూర్చోబెట్టాయి. నేను చెప్పదలుచుకున్నది దీనికి పూర్తిగా ఎదురు. ఆ మూడేళ్ళ జపాన్‌లో పతనమైనవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళు రాత్రికి రాత్రి మాట మార్చి మళ్ళీ అవే కుర్చీల్లో కూర్చున్నారు. ఈ రచయితలు మాత్రం తాము పడ్డామని ఒప్పుకున్నారు, ఆ ఒప్పుకున్న చోటునుంచే మొదలుపెడదామన్నారు. ఇంకో మాట కూడా చెప్పేస్తాను: వాళ్ళలో ఈ పని చివరిదాకా చేసినవాడు అంగో, దజాయ్ సగంలో వదిలేశాడు. అందరూ దజాయ్ దగ్గరే ఆగిపోవడం నాకు అందుకే మింగుడుపడదు.

ముందు ఆ రోజులు ఎలాంటివో చెప్పాలి. 1945 మార్చి 9 రాత్రి మొదలై 10 తెల్లవారేలోపు అమెరికా బాంబర్లు టోక్యో తూర్పు పేటల్ని తగలబెట్టాయి. చెక్క ఇళ్ళు, ఇరుకు సందులు, పైగా గాలి. ఒక్క రాత్రిలో దాదాపు లక్షమంది చనిపోయారు. అయినా ప్రభుత్వం పాట మార్చలేదు: పదికోట్లమందీ మణిలా పగిలిపోవాలి గానీ లొంగకూడదు. ఆగస్టు 15 మధ్యాహ్నం చక్రవర్తి గొంతు మొదటిసారి రేడియోలో వినిపించింది, యుద్ధం ఆగింది. రెండు వారాలు తిరక్కముందే, ఆగస్టు 28న, కొత్త ప్రధాని హిగషికుని (ఆయన రాజవంశంవాడే) ఇప్పుడు పదికోట్లమందీ కలిసి పశ్చాత్తాపపడాలన్నాడు. అంకె మారలేదు చూడండి. చావాల్సి వచ్చినప్పుడూ పదికోట్లే, తప్పు మోయాల్సి వచ్చినప్పుడూ పదికోట్లే. అందరిదీ తప్పయితే ఎవరిదీ కానట్టే కదా.

బళ్ళలో టీచర్లు పిల్లల చేత పాఠ్యపుస్తకాల్లో సైన్యాన్ని పొగిడే పేరాల మీద బ్రష్షుతో నల్ల సిరా పూయించారు. నిన్న ఆ పేరా అప్పజెప్పకపోతే కొట్టినాయన ఇవాళ అదే పేరా కనపడకుండా పూయమంటున్నాడు. 1946 జనవరి 1న చక్రవర్తి తన దైవత్వం కల్పన అని ప్రకటించాడు. తిండి లేదు. రేషన్ మీద బతకడం అయ్యే పని కాదు కాబట్టి, జనం కిక్కిరిసిన రైళ్ళలో పల్లెలకి వెళ్ళి కిమోనోలిచ్చి బియ్యమో చిలగడదుంపలో తెచ్చుకునేవాళ్ళు. ఒంటిమీద బట్ట ఒక్కోటీ పోతున్న ఆ బతుకుని వాళ్ళే వెదురు మొలక బతుకన్నారు, పొర ఒలిచిన కొద్దీ తగ్గిపోతుంది కాబట్టి. 1948లో ప్రభుత్వం లెక్క తీస్తే అనాథ పిల్లలే 1,23,000 మందికి పైగా తేలారు.

ఈ నేల మీద నిలబడి చదవాలి అంగో వ్యాసాన్ని. ‘దరకురోన్’, అంటే పతనం గురించిన చర్చ, 1946 ఏప్రిల్‌లో ‘షించో’ పత్రికలో వచ్చింది. చిన్న వ్యాసమే. ఆర్నెల్లలో లోకం మారిపోయిందంటూ మొదలుపెడతాడు. చక్రవర్తి కోసం పువ్వుల్లా రాలిపోతామని బయల్దేరిన కుర్రాళ్ళలో బతికి వచ్చినవాళ్ళు బ్లాక్ మార్కెట్‌లో సరుకు అమ్ముతున్నారు. మొగుడు బతికి రావాలన్న కోరిక కూడా పెట్టుకోకుండా సాగనంపిన ఆడవాళ్ళు ఇప్పుడు అతని పేరు రాసిన పలక ముందు మొక్కుబడిగా వంగి దండం పెడుతున్నారు, ఇంకొన్నాళ్ళకి వాళ్ళ మనసులో వేరే మొహం చేరుతుంది. ఇంతవరకూ ఏ పెద్దమనిషైనా రాస్తాడు, రాసి చివర్లో ఓడిపోయాక దేశంలో నీతి లేకుండా పోయిందని నిట్టూరుస్తాడు. అంగో అలా నిట్టూర్చడు. మనుషులు మారలేదంటాడు. మనిషి మొదట్నుంచీ ఇంతే, మారింది పైపొర ఒక్కటే. యుద్ధం ఓడిపోయాం కాబట్టి పడిపోవడం లేదు, మనుషులం కాబట్టి పడిపోతున్నాం, బతికున్నాం కాబట్టి పడిపోతున్నాం.

ఆ మాటలో ఎంత తెగువ ఉందో అర్థం కావాలంటే, యుద్ధకాలంలో సైనికుల వితంతువుల ప్రేమకథలు రాయనివ్వలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. అంగో ఆ నిషేధాన్నే పట్టుకుని తిరగేస్తాడు. పాలకులకి జనం మనసు బాగా తెలుసు కాబట్టే అలాంటి నిషేధాలు పెట్టారంటాడు. వీరుడన్నవాడు ఒక్క యజమానికే కట్టుబడాలనీ, ఆడది ఇద్దరు భర్తలని చూడకూడదనీ నియమాలు పెట్టారంటే, అవి లేకపోతే జపాన్‌వాళ్ళు హాయిగా ఆ పనులన్నీ చేసేవాళ్ళే కాబట్టి. బుషిడో, అంటే సమురాయ్ వీరుల నీతి, జపాన్ స్వభావంలోంచి పుట్టిందని గర్వపడేవాళ్ళకి, అది ఆ స్వభావానికి వేసిన సంకెల అని చెప్పడం. 47 మంది రోనిన్‌ల, అంటే యజమానిని పోగొట్టుకున్న సమురాయ్‌ల, కథనీ వదల్లేదు. యజమాని పగ తీర్చుకున్న ఆ వీరులని చంపించడం వెనక, వాళ్ళు బతికుంటే ఎక్కడ పేరు చెడగొట్టుకుంటారో అన్న ఆలోచన ఉందని గుర్తుచేస్తాడు. చచ్చిపోయిన వీరుడు చెడిపోడు. రాజ్యానికి కావాల్సింది అదే.

ఇక్కడ నాకు అన్నిటికంటే నచ్చేది, అతను తనని తాను ఆ లెక్కలోంచి మినహాయించుకోకపోవడం. అతని మేనకోడలు ఇరవయ్యొక్క ఏళ్ళకి ఆత్మహత్య చేసుకుంది. అందంగా ఉండగానే పోయింది, మంచిదే అయిందని తనకనిపించిందని రాసేస్తాడు. అందమైనది అందంగా ఉండగానే ముగిసిపోవాలన్న ఈ కోరికే పైన చెప్పిన నిషేధాలన్నిటి వెనకా ఉందని అతనికి తెలుసు, అది తనలోనూ ఉందని చూపించడానికే ఆ మాట రాశాడు. బాంబులు పడుతున్నప్పుడు టోక్యో వదిలి వెళ్ళే వీలున్నా వెళ్ళలేదు. ఆ మహా విధ్వంసం తనకి అందంగా కనిపించిందని, కాలిన వీధుల్లో నడిచే పదిహేను పదహారేళ్ళ పిల్లల నవ్వు మొహాలు చూస్తూ మైమరచిపోయానని ఒప్పుకుంటాడు. విధికి తలవంచిన మనుషులు ఎంతో అందంగా ఉంటారు. ఆ విధ్వంసం కింద విధి ఉంది, పతనం లేదు. ఆ తర్వాత అదంతా బుడగ లాంటి భ్రమ, అందులో మనిషి లేడంటాడు. యుద్ధం అసహ్యమైనదని చెప్పడం తేలిక. యుద్ధం అందంగా ఉంటుంది, ఆ అందం అబద్ధం అని చెప్పాలంటే ముందు ఆ అందానికి తాను లొంగానని ఒప్పుకోవాలి. 1946లో ఎంతమంది ఒప్పుకున్నారు?

అంగో గురించి మనకి దగ్గరగా ఉండే సంగతి ఒకటుంది. నీగతలో ఒక పార్లమెంటు సభ్యుడి కొడుకు, స్కూల్లో మాట వినని రకం, తర్వాత టోక్యోలో తోయో విశ్వవిద్యాలయంలో చేరి భారతీయ తత్వశాస్త్రం చదివాడు. సంస్కృతం, పాళీ నేర్చుకున్నాడు. నిద్ర మానుకుని చదివి చదివి నరాలు చెడగొట్టుకున్నాడు. సన్యాసి అవుదామని మొదలుపెట్టిన మనిషి రచయిత అయ్యాడు. అతని ‘పడిపో’ అన్న మాటని తాగుబోతు కేకగా తీసుకునేవాళ్ళు ఈ చదువుని మర్చిపోతారు. కోరికని కోరికగా, భయాన్ని భయంగా, పైన ఏ బట్టా కప్పకుండా చూడటం అతనికి చాలా పాత అలవాటు. 1942లోనే, యుద్ధం మధ్యలో, హోర్యూజీ అనే ప్రాచీన బౌద్ధ గుడి కాలిపోయినా ఇబ్బందేం లేదు, అవసరమైతే ఆ స్థలంలో రైల్వే స్టేషన్ కట్టుకోవచ్చని రాసినవాడు. ఓడిపోయాక ధైర్యం తెచ్చుకున్న రకం కాదు.

అదే 1946 డిసెంబర్‌లో ఈ వ్యాసానికి కొనసాగింపు రాశాడు. చక్రవర్తి ఆజ్ఞ కాబట్టి భరించలేనిది భరించి ఆయుధాలు దించామని జనం అంటున్నారు కదా, దానికి అతని జవాబు ‘అబద్ధం’ అని వరసగా మూడుసార్లు. అందరూ యుద్ధం ఆగిపోవాలనే కోరుకున్నారు, ఆ కోరికని సొంత నోటితో చెప్పే దమ్ము లేక చక్రవర్తి మాట చాటున దాక్కున్నారు. అందుకే ముందు పడిపోవాలంటాడు, అబద్ధపు బట్టలన్నీ విప్పేసి. పడిపోయినవాడికి తనదైనది ఏదో దొరుకుతుంది. అలాగని మనిషి పడిపోతూనే ఉండలేడని కూడా అతనికి తెలుసు. మనిషి అంత గట్టివాడు కాదు, ఎక్కడో ఒకచోట మళ్ళీ ఒక బుషిడోని, మళ్ళీ ఒక చక్రవర్తిని కనిపెట్టక తప్పదు. కనీసం అదైనా ఇంకొకళ్ళు చేతికిచ్చింది కాకుండా ఉండాలంటే సరిగ్గా పడిపోవాలి. ఇందులో నిరాశావాదం ఎక్కడుంది?

పడిపోనివాళ్ళకి ఏమైందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. యమగుచి యోషితద టోక్యో జిల్లా కోర్టులో జడ్జి. బ్లాక్ మార్కెట్‌లో తిండి కొన్నవాళ్ళ, అమ్మినవాళ్ళ కేసులు ఆయన ముందుకే వచ్చేవి. వాళ్ళకి శిక్ష వేస్తూ తాను ఆ తిండి తినడం న్యాయం కాదనుకుని, రేషన్ దాటి మెతుకు ముట్టలేదు. ఆ రేషన్‌లో కూడా ఎక్కువ భాగం పిల్లలకి పెట్టాడు. 1947 అక్టోబర్‌లో చనిపోయాడు, వయసు 33. ఆయన మీద నాకు చాలా గౌరవం ఉంది, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. ఆయన చేసింది గొప్ప పనే. కానీ పౌరుడు చట్టం పాటిస్తే చచ్చిపోయే పరిస్థితి ఉన్నప్పుడు, ఆ చట్టం తొక్కి బియ్యం మూట మోసుకొచ్చిన తల్లిని పతనమైందనగలమా? అంగో వ్యాసం ఆ తల్లి పక్కన నిలబడుతుంది. అది చాలా పెద్ద నైతిక నిర్ణయం.

ఇప్పుడు దజాయ్ సంగతి. అతని జీవితంలో ఒక విచిత్రముంది. యుద్ధానికి ముందు పదేళ్ళు అతనివి భయంకరమైన రోజులు: ఆత్మహత్య ప్రయత్నాలు, 1930లో కమకురా దగ్గర తనతోపాటు ప్రయత్నించిన అమ్మాయి చనిపోయి తాను మిగలడం, నొప్పి మందుకి బానిసై ఆస్పత్రి పాలవడం. 1939లో పెళ్ళయ్యాక కుదురుకున్నాడు. దేశమంతా యుద్ధంలో మునిగి ఉన్న ఆ ఏళ్ళలోనే అతను తన అత్యంత ఆరోగ్యకరమైన పుస్తకాలు రాశాడు. బాంబుల మధ్య ఆశ్రయం గుంటలో ఐదేళ్ళ కూతురికి పాత జానపద కథలు చదివి వినిపించే తండ్రితో మొదలయ్యే ‘ఒతొగిజోషి’ ఆ కాలానిదే. బాంబులు పడుతుంటే నవ్వించగలిగిన మనిషి, శాంతి వచ్చాక కూలిపోయాడు. అతన్ని పుట్టుదిగులు మనిషిగా చూసే చదువరులు దీనికి ఏ జవాబూ చెప్పలేరు.

అతనే చెప్పాడు జవాబు. 1946లో ఒక లేఖలో తాను స్వేచ్ఛాచారినని, బంధనాలకి ఎదురు తిరుగుతానని, కాలం కలిసొచ్చిందని మొహం వెలిగిపోతున్నవాళ్ళని చూసి నవ్వుతానని రాశాడు. యుద్ధం ముగిసిన వెంటనే పత్రికలో సీరియల్‌గా వచ్చిన ‘పండోరా పెట్టె’లో ఒక పాత్ర, చక్రవర్తికి జై అనడం నిన్నటిదాకా పాతచింత, ఇవాళ అదే అన్నిటికంటే కొత్త స్వేచ్ఛాభావం అంటాడు. రాచరికం మీద ప్రేమతో కాదు ఆ మాట. ఆ వారం అందరూ ఏది అనడానికి ఎగబడుతున్నారో అది అననని మొండికేయడం. కుర్రతనంలో కమ్యూనిస్టు ఉద్యమంతో తిరిగి, దాన్ని వదిలేసి, ఆ వదిలేసిన నేరభావంతో ఏళ్ళకేళ్ళు బతికిన మనిషికి, మనసు మార్చుకోవడం ఎంత ఖరీదైన పనో తెలుసు. చుట్టూ ఉన్న మేధావులు ఒక్క పైసా ఖర్చు లేకుండా మారిపోతుంటే భరించలేకపోయాడు.

నా లెక్కలో ఆ కాలం కథల్లో అన్నిటికంటే గొప్పది 1947 నాటి ‘తొకతొన్‌తొన్’. ఒక కుర్రాడు రచయితకి రాసే ఉత్తరం అది. చక్రవర్తి ప్రసంగం అయిపోగానే ఒక కుర్ర లెఫ్టినెంట్ వేదికెక్కి, ఇది రాజకీయ లొంగుబాటు, మనం సైనికులం చివరిదాకా పోరాడి చద్దాం అంటాడు. ఈ కుర్రాడికీ చావాలనిపిస్తుంది, అదే సరైనదనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు వెనక బ్యారక్ వైపు నుంచి ఎవరో సుత్తితో మేకు కొడుతున్న చప్పుడు, తొకతొన్‌తొన్. ఆ చప్పుడు వినగానే కళ్ళ మీది పొర ఊడిపోయినట్టు వీరావేశమంతా ఆవిరైపోతుంది. ఇక్కడితో ఆపితే అది మంచి యుద్ధవ్యతిరేక కథ అయ్యేది, మనందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. దజాయ్ ఆపలేదు. ఆ కుర్రాడు ఊరికి వచ్చి పోస్టాఫీసులో చేరతాడు. నవల రాస్తాడు, ముగిసేవేళకి తొకతొన్‌తొన్. ఉద్యోగంలో తలమునకలవుతాడు, మళ్ళీ అదే. ప్రేమిస్తాడు, ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఉండగా అదే. కార్మికుల ఊరేగింపు చూసి కన్నీళ్ళు పెట్టుకుంటాడు, ఇన్నాళ్ళకి నిజమైనది దొరికిందనుకుంటాడు, అంతలోనే ఎక్కడో సుత్తి చప్పుడు. ఒక పెద్ద అబద్ధం నుంచి విడిపించిన చప్పుడే ఆ తర్వాత ఏ నిజాన్నీ నమ్మనివ్వదు. భ్రమలు పోవడం గురించి ఇంతకంటే కచ్చితంగా రాసినవాళ్ళు నాకు తెలీదు. భ్రమ పోతే నిజం కనిపిస్తుందని మనం అనుకుంటాం, నమ్మే శక్తే పోతుందని ఈ కథ అంటుంది.

‘వియోన్ భార్య’ కూడా అదే ఏడాదిది. ఒక తాగుబోతు కవి హోటల్‌లో ఐదువేల యెన్లు దొంగిలిస్తాడు, అతని భార్య ఆ బాకీ తీర్చడానికి అదే హోటల్‌లో పనికి చేరుతుంది. ఆ కొద్ది రోజుల్లో ఆవిడ లోకం చూస్తుంది. అక్కడికొచ్చే ప్రతివాడూ ఏదో ఒక నేరం చేసినవాడే. ఒక కస్టమర్ ఆవిడ మీద అత్యాచారం చేస్తాడు. మర్నాడు మొగుడు పేపర్ పట్టుకుని, నన్ను రాక్షసుడని రాశారు అని ఏడుస్తుంటే, రాక్షసుడైతే మాత్రం ఏం, మనం బతికుంటే చాలు అంటుంది. ఆ మాటలో ఆశ ఉందా, అంతా అయిపోయిన అలసట ఉందా అని నేను చాలా ఆలోచించాను. రెండూ ఉన్నాయనే అనుకుంటున్నాను. అంగో చెప్పిన పతనాన్ని అంగో కంటే బాగా చూపించిన పాత్ర ఆవిడే.

కానీ ఆ మాట పుస్తకంలో ఆడమనిషి చేత అనిపించి, బయట ఆ బతుకు మోసే పని కూడా ఆడవాళ్ళకే వదిలేశాడు దజాయ్. ఇది చెప్పకుండా అతన్ని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. కులీన కుటుంబం కూలిపోవడం గురించి రాసిన ‘షాయో’, మనకి ‘ది సెట్టింగ్ సన్’గా తెలిసినది, చాలావరకు ఓత షిజుకో అనే ఆవిడ డైరీ మీద నిలబడింది. ఆ డైరీ తీసుకున్నాడు, ఆవిడకి ఒక కూతురు పుట్టింది, 1947 నవంబర్‌లో. అదే ఏడాది మార్చిలో భార్య మిచికోకి ఇంకో కూతురు పుట్టింది. నవల్లో కథానాయిక కజుకో పెళ్ళి లేకుండా బిడ్డని కని, పాత నీతితో పోరాడుతూ సూర్యుడిలా బతుకుతానని ఉత్తరం రాస్తుంది. చాలా గొప్ప ఉత్తరం అది. నిజజీవితంలో ఆ ఉత్తరం ప్రకారం బతకాల్సింది షిజుకో ఒక్కతే. 1948 జూన్ 13 రాత్రి దజాయ్ తమగావ కాలువలో దూకాడు. అతనితోపాటు పోయిన యమజకి తొమియె, పెళ్ళయిన కొద్ది రోజులకే మొగుడు ఫిలిప్పీన్స్ వెళ్ళి తిరిగి రాని మనిషి. అంగో రాసిన ఆ వితంతువుల్లో ఒకావిడ. తర్వాత చాలామంది ఆవిణ్ణే నిందించారు. శవాలు దొరికింది 19న, అతని పుట్టినరోజు.

మార్చిలో పుట్టిన ఆ కూతురు పెరిగి పెద్దదై త్సుషిమ యూకో అయింది. ఒంటరి తల్లుల గురించి, మొగుడు లేని ఇళ్ళల్లో పిల్లల్ని పెంచడంలోని రోజువారీ యాతన గురించి, ఏ పొగడ్తా ఏడుపూ లేకుండా నవలలు రాసింది. తండ్రి పోయేనాటికి ఆవిడకి ఏడాదిన్నర కూడా లేదు. ఆవిడ పుస్తకాలు తండ్రి పుస్తకాలకి జవాబుగా చదవమని నేను అందరికీ చెబుతుంటాను, ‘నో లాంగర్ హ్యూమన్’ చదివి కదిలిపోయిన కుర్రవాళ్ళకి మరీ ముఖ్యంగా.

ఆడవాళ్ళ విషయంలో అంగో కూడా తప్పించుకోలేడు. అతనికి పేరు తెచ్చిన కథ ‘హకుచి’లో బుద్ధి ఎదగని ఒక పొరుగింటి భార్య, సినిమా కంపెనీలో పనిచేసే ఇజావ గదిలో దాక్కుంటుంది. బాంబుల మంటల్లో ఇద్దరూ పరిగెత్తే ఘట్టం చదివి చాలా రోజులు మర్చిపోలేం. కానీ కథ మొత్తం ఇజావ వైపు నుంచే నడుస్తుంది. అతని ఆలోచనలు వెయ్యి పేరాలైనా నడుస్తాయి, ఆవిడది శరీరమే. తమురా తైజిరో 1947లో రాసిన ‘శరీర ద్వారం’ దీన్ని సిద్ధాంతమే చేసేసింది: సిద్ధాంతాలన్నీ మోసం చేశాయి, శరీరం ఒక్కటే నిజం. శిథిలాల్లో ఒళ్ళమ్ముకునే అమ్మాయిల కథ అది, నాటకంగా వేస్తే జనం విరగబడి చూశారు. ఓడిన దేశపు మగవాళ్ళు తమ విముక్తిని ఆకలితో ఉన్న ఆడపిల్లల ఒంట్లో వెతుక్కోవడం నాకు రుచించదు. ఒద సకునొసుకె గురించీ, ఇషికావ జున్ రాసిన ఉయెనో బజారు కథ గురించీ వేరే రాయాలి. ఒద 1947 జనవరిలో క్షయతో పోయాడు, 33 ఏళ్ళకే.

ఇంకా పెద్ద లోపం ఒకటుంది. ఈ సాహిత్యం ఎవరి కోసం ఏడ్చింది? కాలిన టోక్యో కోసం. ‘పదికోట్లు’ అన్న ఆ లెక్కలో కొరియా, తైవాన్ జనం కూడా ఉన్నారు, వాళ్ళని కలిపితేనే ఆ అంకె వస్తుంది. యుద్ధం ఆగిన మర్నాటి నుంచి వాళ్ళు లెక్కలో లేరు, బురైహా పేజీల్లోనూ దాదాపు లేరు. చైనాలో ఏం జరిగిందో తెలిసిన సైనికులు వేలల్లో ఇళ్ళకొచ్చారు, అయినా ఆ భ్రమాభంగం తన దేశం తనకి చేసిన మోసం దగ్గరే ఎక్కువగా ఆగిపోయింది. అమెరికా ఆక్రమణ సైన్యం సెన్సార్‌షిప్ కూడా ఉంది, కాదనను. 1949 దాకా పత్రికలు వాళ్ళ కత్తెర కిందే నడిచాయి, సెన్సార్ ఉందని రాయడం కూడా నిషేధమే. అంగో కథ ‘యుద్ధమూ ఒక ఆడదీ’ని బాగా కోసేశారు. అంతమాత్రాన మొత్తం నెపం సెన్సార్ మీదికి తోసేయలేం. ఒఓక షోహెయ్ లాంటివాళ్ళు, ఫిలిప్పీన్స్ అడవుల్లో తిరిగి వచ్చినవాళ్ళు, ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆ పని మొదలుపెట్టారు.

ఇన్ని లోపాలున్నా వీళ్ళవైపే ఎందుకు మాట్లాడుతున్నావంటే, ఆ పక్క ఎవరున్నారో చూడండి. 1941లో, యుద్ధకాలపు ప్రధాని తోజో మంత్రివర్గంలో వాణిజ్య పరిశ్రమల మంత్రి కిషి నొబుసుకె. యుద్ధనేరాల అనుమానితుడిగా జైల్లో ఉండి, తోజోని ఉరితీసిన మర్నాడు, 1948 డిసెంబర్ 24న, విచారణ లేకుండా విడుదలయ్యాడు. 1957లో ప్రధానమంత్రి. ఫిలోపోన్ అనే ఉత్తేజక మందు ఇంజెక్షన్లు తీసుకున్నారని ఒదనీ అంగోనీ పతనానికి ప్రతీకలుగా చెబుతారు. ఆ మందుని యుద్ధకాలంలో సైన్యమే తన మనుషుల చేత వాడించింది, ఓడిపోయాక అది మందుల షాపుల్లో దొరికింది, 1951లో గానీ చట్టం రాలేదు. ఎవరి పతనం ఇది?

దజాయ్ పోయిన నెలల్లోనే అంగో ఒక వ్యాసం రాశాడు, ‘చెడ్డ కుర్రాడూ క్రీస్తూ’ అని. తన పన్ను నొప్పితో మొదలుపెడతాడు, స్నేహితుడి చావు గురించి రాయాల్సిన చోట. దజాయ్‌ని ప్రేమిస్తూనే తిడతాడు. మత్తు దిగని పొద్దుటి సిగ్గుతో రాశాడని, ఆ సిగ్గుతోనే చచ్చిపోయాడని, మంచి రచయిత అంతటి పనికిమాలిన పని చేశాడని. మనిషికి బతకడమే మొత్తం, చస్తే ఏమీ లేదు. గెలవాలనుకోకూడదు, గెలవడం ఎలాగూ కుదరదు, ఓడిపోకుండా ఉండటమే పోరాటం, బతికుండటమే అది. పడిపోమన్న మనిషే ఈ మాట అన్నాడు. అతని దృష్టిలో పడిపోవడానికి బతికుండాలి, చావు ఆ పనిని ఎగ్గొట్టడం. ఆ హెచ్చరిక అందరికీ చేరలేదు. దజాయ్ శిష్యుడు తనక హిదెమిత్సు, 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో పడవ నడిపినవాడు, 1949 నవంబర్ 3న మితకలో దజాయ్ సమాధి దగ్గరే ప్రాణం తీసుకున్నాడు. అంగో కూడా మందులతో, నిద్రమాత్రలతో నానా అవస్థలూ పడ్డాడు, ఆస్పత్రిలో ఉన్నాడు, మళ్ళీ బయటికొచ్చి రాశాడు, 1953లో కొడుకు పుట్టాడు, 1955లో మెదడులో రక్తస్రావంతో పోయాడు, 48 ఏళ్ళు. ఆదర్శ జీవితమేమీ కాదు. తాను రాసిన వాక్యానికి నిలబడిన జీవితం.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా పిల్లలు ‘నో లాంగర్ హ్యూమన్’ పట్టుకుని కూర్చుంటే లాక్కోకండి. దాని పక్కన ఇంకో నాలుగు పెట్టండి. ముందు ‘దరకురోన్’, ఇంగ్లీషులో దొరుకుతుంది. తర్వాత ‘తొకతొన్‌తొన్’, ఆ వెంటనే ‘వియోన్ భార్య’. తర్వాత పన్ను నొప్పి వ్యాసం. ‘నో లాంగర్ హ్యూమన్’లోని యోజో కథ వీటి తర్వాత చదవమనండి, త్సుషిమ యూకో నవల ఏదైనా ఒకటి ఆ వెనకే. అప్పుడు కూడా వాళ్ళకి దజాయే ఎక్కువ నచ్చితే, దాని గురించి నాతో వాదించడానికి రమ్మనండి.